తెలియని మెయిల్ తెరవొద్దంటే మా మిర్చి వ్యాపారం ఎట్లా సాగుద్ది

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో సైబర్ మోసాల మీద అరపేజీ వేశారు. మంచి పనే. కానీ అందులో బాక్సు కట్టి పెద్దక్షరాల్లో ఇచ్చిన మొదటి సలహా "తెలియనివాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మెయిల్స్ తెరవొద్దు" అని ఉంది చూశారూ, అది చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయా. నేను గుంటూరులో 16 ఏళ్ళ నుంచి చిన్న చిన్న ఆఫీసులకి కంప్యూటర్లు, మెయిల్ సెట్టింగులు చూసిపెట్టే పని చేస్తున్నా, నా కస్టమర్లలో సగం మంది మిర్చి ఎక్స్‌పోర్ట్ వాళ్ళు, వాళ్ళకి పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేయగానే కనపడే మెయిల్సే తెలియనివాళ్ళవి. ఢాకా నుంచి ఎవరో తేజ రకం మిర్చి రేటెంత అంటారు, కౌలాలంపూర్ నుంచి ఎవరో 334 రకం, తొడిమ తీసింది రెండు కంటైనర్లు కావాలంటారు, బ్యాంకాక్ నుంచి ఇంకెవరో శాంపిల్ పంపమంటారు. వీళ్ళెవరూ చుట్టాలు కాదు, ముందు పరిచయం ఉన్నోళ్ళూ కాదు. ఆ మెయిల్ తెరిచి, దానికి తగిలించిన ఫైల్ డౌన్‌లోడ్ చేసి, చదివి జవాబివ్వడమే వాళ్ళ వ్యాపారం. తెరవొద్దంటే షట్టర్ దించుకోమన్నట్టే కదండీ.

ఇట్లాంటి సలహాలతో వచ్చే అసలు నష్టం ఏంటంటే, ఏదైనా దెబ్బ తగిలినప్పుడు తప్పంతా ఆ మెయిల్ తెరిచిన మనిషి మీదకి పోతుంది. దాన్ని లోపలికి రానిచ్చింది ఎవరు, ఏడాదికి ఇంత అని డబ్బు కట్టించుకుని మెయిల్ హోస్టింగ్ (మన మెయిల్స్ వాళ్ళ సర్వర్ మీద పెట్టి నడిపే సేవ) అమ్మినవాళ్ళు గేటు దగ్గర ఏం కాపలా పెట్టారు అని ఒక్కళ్ళూ అడగరు. నేను అడగదల్చుకుంది అదే.

జరిగిన సంగతి ఒకటి చెప్తా. పోయినేడాది మార్చిలో, సీజన్ మంచి ఊపు మీదున్న టైంలో, పట్నంబజార్‌లో నేను చూసే ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసుకి మెయిల్ వచ్చింది. "మీ మెయిల్‌బాక్స్ 98 శాతం నిండింది, 24 గంటల్లో అప్‌డేట్ చేయకపోతే కొత్త మెయిల్స్ ఆగిపోతాయి" అని. పంపింది ఎవరు అని చూస్తే అడ్మిన్ అని ఉంది, ఆ పక్కన ఉన్న డొమైన్, అంటే అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు, వాళ్ళ సొంత కంపెనీదే. అంటే తెలియనివాళ్ళు కాదు, వాళ్ళ ఇంటి పేరుతోనే వచ్చింది. అకౌంట్స్ చూసే అమ్మాయికి 23 ఏళ్ళు ఉంటాయేమో, మిర్చి యార్డుకి రోజుకి వేల టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగే రోజుల్లో మెయిల్స్ ఆగిపోతే ఏమవుద్దో ఆ పిల్లకి తెలుసు, అందుకే వెంటనే లింకు నొక్కింది. వచ్చిన పేజీ మీద హోస్టింగ్ కంపెనీ లోగో, రంగులు, అక్షరాలు అన్నీ రోజూ చూసేవే. పాస్‌వర్డ్ కొట్టింది. "థాంక్యూ, అప్‌డేట్ అయింది" అని వచ్చింది. మళ్ళీ పనిలో పడిపోయింది.

19 రోజులు ఏమీ జరగలేదు. తర్వాత కొలంబో నుంచి వాళ్ళ పాత బయ్యర్ ఫోన్ చేసి, మీరు చెప్పిన కొత్త అకౌంట్‌లో డబ్బులేశాం, ఇంకా అందలేదంటారేంటి అన్నాడు. ఏ కొత్త అకౌంట్? వీళ్ళు ఏ అకౌంటూ మార్చలేదు. 11 లక్షల పైనే పోయింది. ఇప్పటికీ రాలేదు, ఎక్కడి బ్యాంకు నుంచి ఎక్కడికో పోయిన డబ్బు, చివరికి ఓనరూ బయ్యరూ చెరి సగం భరించారు, పదేళ్ళ నమ్మకం కాబట్టి అక్కడితో సరిపెట్టుకున్నారు. ఓనర్ గారు మంచాయనే, కానీ ఆ రోజు కోపంలో ఆ అమ్మాయిని పని మానేసి వెళ్ళిపొమ్మన్నారు. ఆ పిల్ల కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ "అన్నా, అడ్మిన్ అనే ఉంది కదన్నా, మన పేరే కదన్నా ఉంది" అని ఒకటే మాట అంటా ఉంది.

నేను ఆ మెయిల్ హెడర్ తెరిచా. హెడర్ అంటే మెయిల్ పైన మనకి కనపడకుండా ఉండే చిట్టా, ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కి ఏ టైముకి వచ్చిందో అన్నీ అందులో రాసుంటాయి, "రిసీవ్డ్" అని మొదలయ్యే లైన్లని కింద నుంచి పైకి చదువుకుంటూ రావాలి. అన్నిటికన్నా కింద లైన్లో ఈ కంపెనీకి గానీ ఆ హోస్టింగ్ వాళ్ళకి గానీ ఏ సంబంధమూ లేని ఎక్కడిదో సర్వర్ నంబర్ ఉంది. అసలు కంపెనీదేనా కాదా అని తనిఖీ చేసిన ఫలితాలు ఉండే లైన్లో "ఎస్పీఎఫ్ నన్, డీకిమ్ నన్" అని ఉంది. అంటే తనిఖీ చేయడానికి అక్కడ లిస్టే లేదు. బయటి నుంచి ఎవడో వచ్చి నేను మీ కంపెనీ మనిషినే అంటే, ఆ కంపెనీ మెయిల్ మొత్తం చూసే హోస్టింగ్ వాళ్ళ సర్వరే, రండి అని లోపల కూర్చోబెట్టింది.

మా ఎక్స్‌పోర్టర్లకి నేను ఈ మూడు మాటలు ఎట్లా చెప్తానో ఇక్కడా అట్లాగే చెప్తా. ఎస్పీఎఫ్ అంటే గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చిన లారీ నంబర్ల లిస్టు, మా కంపెనీ పేరుతో సరుకు వస్తే ఈ నంబర్ల లారీల్లోనే వస్తుంది అని డొమైన్ రికార్డుల్లో రాసి పెట్టడం. డీకిమ్ అంటే కంటైనర్‌కి వేసే సీలు, బిల్ ఆఫ్ లేడింగ్ అనే సరుకు రవాణా కాగితం మీద ఉన్న సీలు నంబరూ తలుపు మీద ఉన్న నంబరూ కలవాలి, దారిలో ఎవడన్నా తెరిచి ముట్టుకుంటే కలవదు. డీమార్క్ అంటే ఆ రెండిట్లో ఏదీ కుదరని లారీ వస్తే ఏం చేయాలో ఓనర్ రాసిచ్చిన ఆర్డరు: ఊరికే రాసుకుని వదిలేయమనొచ్చు, పక్కన ఆపమనొచ్చు, వెనక్కి పంపేయమనొచ్చు. పైగా ఎవరెవరు మీ పేరు వాడుకుని మెయిల్స్ పంపుతున్నారో ఆ లెక్క కూడా మీకు రిపోర్టుగా పంపిస్తుంది. ఈ మూడూ ఉండి, డీమార్క్‌లో వెనక్కి పంపమని రాసి ఉండుంటే, దాన్ని ఆ సర్వర్ పాటించి ఉంటే, ఆ మెయిల్ ఆ అమ్మాయి కంటికి కనపడేదే కాదు.

ఇవేమన్నా కొత్తగా వచ్చినవా అంటే కాదు. మెయిల్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పోయే పద్ధతిని 1982లో రాశారు, అప్పుడు ఆ నెట్‌వర్క్‌లో ఉన్నది కొన్ని యూనివర్సిటీలూ రీసెర్చ్ సంస్థలూ, ఒకళ్ళనొకళ్ళు నమ్ముకునేవాళ్ళు, అందుకని పంపినవాడు చెప్పిన పేరు నిజమా కాదా అని అడిగే ఏర్పాటే అందులో పెట్టలేదు. ఇప్పటికీ లోపల అదే పద్ధతి నడుస్తోంది. ఆ లోటు పూడ్చడానికి ఎస్పీఎఫ్ 2006లో, డీకిమ్ 2007లో, డీమార్క్ 2015లో కాగితం మీదకి ఎక్కాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వాళ్ళు రోజుకి 5000 మెయిల్స్ పైన పంపేవాళ్ళకి ఈ మూడూ ఉండాల్సిందే అన్నారు, 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా అదే దారిలోకి వచ్చింది. మన ఊళ్ళో డొమైనూ మెయిలూ కలిపి ప్యాకేజీ అమ్మేవాళ్ళు మాత్రం చాలామంది ఇప్పటికీ అవి పెట్టకుండానే చేతికిచ్చేస్తున్నారు. పెట్టడానికి ఖర్చేం లేదండీ, డొమైన్ సెట్టింగుల్లో మూడు లైన్లు, నాకు పది నిమిషాల పని, ఆ తర్వాత రెండు మూడు వారాలు రిపోర్టులు చూసుకుని వెనక్కి పంపే ఆర్డర్‌కి మార్చుకోవాలి. అంతే.

హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేస్తే నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది, "మా సర్వర్ హ్యాక్ అవ్వలేదు, మీ పాస్‌వర్డే వాడారు, కాబట్టి మా బాధ్యత లేదు" అని. సరే, పాస్‌వర్డ్ పోయిందనే అనుకుందాం. 19 రోజులు వేరే దేశం నుంచి లాగిన్ అవుతుంటే ఒక్క మెసేజ్ అన్నా ఎందుకు రాలేదు? ఫోన్‌కి ఓటీపీ వచ్చే రెండో తాళం ఆ ప్లాన్‌లో ఎందుకు లేదు? అన్నిటికన్నా నన్ను కదిలించింది ఇంకోటి. సెట్టింగులు వెతుకుతుంటే ఒక రూల్ కనపడింది, ఇన్వాయిస్, పేమెంట్, బ్యాంక్ అనే మాటలున్న మెయిల్ ఏదొచ్చినా దాని కాపీ బయట ఒక అడ్రస్‌కి పోయేట్టు పెట్టి ఉంది. పాస్‌వర్డ్ కొట్టేసినవాడు కూర్చుని హాయిగా చదువుకున్నాడన్నమాట, ఎవరికి ఎంత రావాలి, ఏ తారీఖుకి, ఏ మాటతో మొదలుపెడతారు, ఏ మాటతో ముగిస్తారు అన్నీ నేర్చుకుని, ఒక్క అక్షరం తేడా ఉన్న డొమైన్ కొని, సరిగ్గా కంటైనర్ ఎక్కే వారంలో కొలంబోకి రాశాడు. ఇంగ్లీషులో ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పెడితే ఎమ్ లాగా కనపడుద్ది, ఫోన్‌లో అయితే అసలు అడ్రసే కనపడదు, పేరు ఒక్కటే కనపడుద్ది. కొలంబో ఆయన్ని తప్పు పట్టలేం. బయటికి కాపీలు పంపే రూల్ ఎవరైనా కొత్తగా పెట్టగానే ఆ మెయిల్‌బాక్స్ ఓనర్‌కి కబురు చేయడం మంచి ప్రొవైడర్లు, అంటే ఇట్లా మెయిల్ నడిపే కంపెనీలు, చేసే పనే, కొందరైతే బయటికి ఆటోమేటిక్‌గా పంపడాన్నే మూసేస్తారు. ఇక్కడ ఏదీ లేదు.

ఆ వారంలోనే ఇంకో దెబ్బ. వాడి పని అయిపోయాక అదే మెయిల్‌బాక్స్ నుంచి రాత్రికి రాత్రి వేల స్పామ్ మెయిల్స్ బయటికి పోయాయి. ఆ హోస్టింగ్ వాళ్ళు ఒకే సర్వర్ మీద, ఒకే ఐపీ నంబర్ (ఇంటర్నెట్‌లో ఆ సర్వర్ అడ్రస్) మీద వందల మంది కస్టమర్లని పెడతారు, ఒకడి దగ్గర్నుంచి స్పామ్ పోతే ఆ నంబర్ మొత్తం బ్లాక్‌లిస్ట్, అంటే మెయిల్ తీసుకోకూడని వాళ్ళ లిస్టు, ఎక్కుద్ది. తెల్లారేసరికి బ్రాడీపేటలో నేనే చూసే ఒక సీఏ గారి ఆఫీసు నుంచి ఫోను, క్లయింట్లకి పంపిన మెయిల్స్ అన్నీ 550 అనే ఎర్రర్‌తో వెనక్కొస్తున్నాయని. ఆ రోజు 18వ తారీఖు, 20కి జీఎస్టీ రిటర్న్ కట్టాలి. మిర్చి కొట్టుకీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు, ఒకే సర్వర్ మీద ఉండటమే ఆయన చేసిన తప్పు. లోపలికి వచ్చే చెత్తని ఆపడం ఎంత ముఖ్యమో బయటికి పోయే చెత్తని ఆపడం కూడా అంతే ముఖ్యమని నాకు ఆ రోజే బాగా అర్థమైంది. రోజుకి 40 మెయిల్స్ పంపే మెయిల్‌బాక్స్ గంటలో 3000 పంపుతుంటే ఆగిపోవాలి కదా, గంటకి ఇన్ని అని లిమిట్ పెట్టడం ఏ మెయిల్ సర్వర్‌లో అయినా ఉన్న సెట్టింగే.

ఇదంతా చెప్పి ప్రొవైడర్లందరూ ఇంతే అంటే అన్యాయం. బాగా చేసేవాళ్ళు చేసే పని ఎంత ఉంటుందో కూడా జనానికి తెలియాలి. మెయిల్ మన ఇన్‌బాక్స్‌కి వచ్చే ముందు, ఇంకా అందులో ఏముందో చూడకముందే, పంపుతున్న సర్వర్ నంబర్‌ని స్పామ్‌హౌస్ లాంటి సంస్థల లిస్టులతో పోల్చి చూస్తారు, ఆ సంస్థ 1998 నుంచి ఈ పనే చేస్తోంది, లిస్టులో ఉంటే గడప దగ్గర్నుంచే వెనక్కి. కొంతమంది ఇంకో ఉపాయం వాడతారు, ముక్కూ మొహం తెలియని సర్వర్ మొదటిసారి తలుపు కొడితే "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అంటారు. నిజమైన మెయిల్ సర్వర్ కొన్ని నిమిషాలాగి మళ్ళీ వస్తుంది, ఎందుకంటే అట్లా రావాలని మెయిల్ పద్ధతిలోనే ఉంది, లక్షల మందికి పోసుకుంటూ పోయే స్పామ్ ప్రోగ్రాములు చాలావరకు మళ్ళీ రావు. దీంట్లో ఇబ్బంది కూడా ఉంది, ఓటీపీ మెయిల్ పది నిమిషాలు లేటయితే జనం తిడతారు, అందుకే కొందరు తీసేశారు.

ఆ తర్వాత మెయిల్ లోపల చదవడం. చాలా చోట్ల వాడే స్పామ్‌అస్సాసిన్ అనే ఫ్రీ ప్రోగ్రామ్ ఒక్కో లక్షణానికి ఇన్ని అని పాయింట్లు వేసుకుంటూ పోయి, మామూలుగా 5 దాటితే స్పామ్ అంటుంది. ఇది కాకుండా మాటల్ని బట్టి నేర్చుకునే పద్ధతి ఇంకోటుంది, 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ రాశాక బాగా వ్యాపించింది, స్పామ్‌లో ఏ మాట ఎంత తరచుగా వస్తోంది, మంచి మెయిల్స్‌లో ఎంత తరచుగా వస్తోంది అని లెక్క కట్టి కొత్త మెయిల్ ఎటు మొగ్గుతుందో చెప్తుంది. ఇక్కడే మా గుంటూరు వాళ్ళ కష్టం ఉంది. మా వాళ్ళకొచ్చే మంచి మెయిల్స్ నిండా "అర్జెంట్", "బెస్ట్ ప్రైస్", "పేమెంట్ అడ్వాన్స్" అనే మాటలే ఉంటాయి. ఇంకో ఊళ్ళో స్కూలు మెయిల్‌కి అవి స్పామ్ మాటలు, ఇక్కడ రోజువారీ మాటలు. అట్లాగే "ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్", "తేజ స్టెమ్‌లెస్" అనే మాటలు ఏ స్పామర్ నోటా రావు, మా వాళ్ళ అసలు బయ్యర్లే రాస్తారు. వందల మంది కస్టమర్లందరికీ కలిపి ఒకటే ఫిల్టర్ పెట్టి వదిలేస్తే ఇది దానికి ఎప్పటికీ తెలియదు, ఒక్కో ఆఫీసు మెయిల్స్ నుంచి విడిగా నేర్చుకోనివ్వాలి. జంక్‌లో పడ్డ మంచి మెయిల్‌ని "స్పామ్ కాదు" అని నొక్కినప్పుడల్లా అది నేర్చుకుంటుంది, ఈ ఒక్క నొక్కుడు మా వాళ్ళు చేయరు, మెయిల్ తెరిచి చదివేసి అక్కడే వదిలేస్తారు, ఎందుకంటే ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. పోయిన సీజన్‌లో ఒకాయనకి రెండు కంటైనర్ల ఎంక్వయిరీ జంక్‌లో 12 రోజులు పడుంది. ఆయన చూసేసరికి బయ్యర్ వేరే చోట కొనేశాడు. స్పామ్ లోపలికి రావడం ఒక నష్టమైతే మంచి మెయిల్ బయటే ఆగిపోవడం అంతకంటే పెద్ద నష్టం, పైగా పోయిందని కూడా తెలియదు. పక్కన పెట్టిన మెయిల్స్ ఇవీ అని రోజుకొక చిట్టా పంపే ప్రొవైడర్లు ఉన్నారు, మీ వాళ్ళు పంపుతారేమో అడగండి.

వైరస్ సంగతి వేరే. "తెలియనివాళ్ళ" సలహా అసలు అతకని చోటు ఇదే. 1999లో వచ్చిన మెలిస్సా వైరస్ ఒకళ్ళ కంప్యూటర్లో పడితే వాళ్ళ అడ్రస్ బుక్‌లో మొదటి 50 అడ్రస్‌లకి వాళ్ళ పేరు మీదే తనంతట తను మెయిల్ పంపుకునేది. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన ఐ లవ్ యూ వైరస్ కూడా అంతే, అందరికీ వచ్చింది స్నేహితుల దగ్గర్నుంచీ ఆఫీసు వాళ్ళ దగ్గర్నుంచే. అది పేరుకి టెక్స్ట్ ఫైల్ లాగా కనపడేది, చివర్న ఉన్న అసలు తోక, ఇది ప్రోగ్రామ్ అని చెప్పే వీబీఎస్ అనేది, విండోస్ దాచేసేది. పాతికేళ్ళ క్రితమే తెలిసినవాళ్ళ పేరుతో వచ్చాక, ఇప్పుడు తెలిసినవాళ్ళా తెలియనివాళ్ళా అని చూసి జాగ్రత్త పడమంటే ఎట్లా.

ఇక్కడ ప్రొవైడర్ చేయాల్సింది ఏంటంటే, ప్రోగ్రామ్ ఫైళ్ళని మెయిల్‌లో రానివ్వకపోవడం మొదటిది. జీమెయిల్ ఈఎక్స్ఈ లాంటివి జిప్ లోపల పెట్టినా తీసుకోదు. రెండోది, ప్రతి ఫైల్‌నీ వైరస్ గుర్తుల లిస్టుతో పోల్చడం, క్లామ్‌ఏవీ అనే ఫ్రీ ప్రోగ్రామ్ చాలామంది వాడేది అందుకే, కానీ ఆ లిస్టు రోజూ కొత్తది తెచ్చుకుంటూ ఉండాలి, ఆర్నెల్ల నాటి లిస్టుతో కాపలా కాస్తే కాసినా ఒకటే కాయకపోయినా ఒకటే. లిస్టులో ఇంకా ఎక్కని కొత్త వైరస్ కోసం పెద్ద ప్రొవైడర్లు ఆ ఫైల్‌ని విడిగా ఒక ఉత్తుత్తి కంప్యూటర్లో తెరిచి అది ఏం చేస్తుందో చూసి అప్పుడు లోపలికి పంపుతారు. ఇంత చేసినా తప్పించుకునే దారులున్నాయి. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్ పంపి, ఆ పాస్‌వర్డ్ మెయిల్‌లోనే రాస్తారు, స్కానర్ తెరవలేదు, మనిషి తెరుస్తాడు. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్ళలో మ్యాక్రోలని (ఫైల్ లోపల ఉండి నడిచే చిన్న ప్రోగ్రాములు) ఆపేశాక, వైరస్ వాళ్ళు ఐఎస్ఓ ఫైళ్ళకీ (సీడీ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసినవి) షార్ట్‌కట్ ఫైళ్ళకీ మారిపోయారు. కాబట్టి స్కానర్ చదవలేని ఫైల్ వస్తే ప్రొవైడర్ దాన్ని అట్లాగే ఇన్‌బాక్స్‌లోకి వదలకూడదు, పక్కన ఆపి, ఇది తనిఖీ చేయలేకపోయాం అని పైన రాసి అడగాలి.

నేను ఏ కొత్త ప్రొవైడర్ దగ్గరికి వెళ్ళినా మొదటి రోజు చేసే పని ఒకటుంది. ఐకార్ అని ఒక టెస్ట్ ఫైల్ ఉంది, 68 అక్షరాలు, ఏ హానీ చేయదు, ప్రపంచంలో యాంటీవైరస్ తయారుచేసేవాళ్ళంతా దీన్ని చూడగానే వైరస్ దొరికింది అని చెప్పాలని ఒప్పుకున్న ఫైల్ అది. దాన్ని బయటి మెయిల్ నుంచి పంపి చూస్తా. మామూలుగా ఒకటి, జిప్‌లో పెట్టి ఒకటి. పోయిన ఏప్రిల్‌లో, ఆ గొడవ అయ్యాక, నేను చూసే ఆఫీసులన్నిటికీ ఒకే రోజు పంపించి చూశా. నాలుగు వేర్వేరు ప్రొవైడర్లు. ఇద్దరి దగ్గర గేటులోనే ఆగింది. ఒకళ్ళ దగ్గర మామూలుది ఆగింది, జిప్‌లోది ఇన్‌బాక్స్‌కి వచ్చి కూర్చుంది. నాలుగో వాళ్ళ దగ్గర రెండూ ఇన్‌బాక్స్‌లోకి వచ్చేశాయి, ఆ నాలుగో వాళ్ళ వెబ్‌సైట్ మీద "అడ్వాన్స్‌డ్ వైరస్ ప్రొటెక్షన్" అని ప్లాన్ పక్కన పచ్చ టిక్కు ఉంది. ఆ టిక్కు చూసే కదా ఓనర్ గారు డబ్బు కట్టింది. పసుపు, కారం కల్తీ జరిగితే పట్టుకోవడానికి మనకి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఉన్నాడు, శాంపిల్ తీస్తాడు. ఈ టిక్కు నిజమా కాదా అని శాంపిల్ తీసేది ఎవరు?

చట్టం కొంత ఉంది. సర్ట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇట్లాంటి సైబర్ సంఘటనలు తెలిసిన 6 గంటల్లో సర్వీస్ ప్రొవైడర్లు ఆ సంస్థకి చెప్పాలి. కానీ ఆ సర్వర్ మీదున్న మా సీఏ గారికి ఎవరు చెప్తారు? డబ్బు పోగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని మీ వ్యాసంలో రాశారు, అది సరైన మాట, మన బ్యాంకుల మధ్య పోయిన డబ్బుకి మొదటి గంటలోనే చేస్తే పనికొస్తుంది, తప్పకుండా చేయాలి. దేశం బయట పోయిన డబ్బుకి ఆ దారి అంతగా పనికిరాదు, అందుకే గేటు దగ్గరే ఆగాలని నేను ఇంత మొత్తుకునేది.

గూగుల్ వాళ్ళు 99.9 శాతం పైన స్పామ్, మోసం, వైరస్ మెయిల్స్ ఆపుతున్నామని చెప్పుకుంటారు. అంత పెద్ద కంపెనీ, అంత డేటా ఉన్నా ఆ మిగిలిన కొంచెం ఉంటుంది. ఆ కొంచెం కోసం మనిషి జాగ్రత్త కావాలి, కాదనను. బ్యాంక్ అకౌంట్ మారింది అని మెయిల్ వస్తే పాత నంబర్‌కి ఫోన్ చేసి గొంతు విన్నాకే డబ్బు పంపాలి, మెయిల్‌లో ఇచ్చిన కొత్త నంబర్‌కి కాదు. ఇది మా వాళ్ళందరికీ చెప్పా, పాటిస్తున్నారు. కానీ నూటికి తొంభై వదిలేసే గేటు పెట్టి, మిగతాది మీ జాగ్రత్త అంటే ఒప్పుకోను.

కాబట్టి ఎడిటర్ గారూ, మీ దగ్గర నేను కోరేది ఇది. మన దగ్గర హోస్టింగ్ అమ్మే కంపెనీల్ని మీ రిపోర్టర్లు అడగాలి, డొమైన్ ఇచ్చిన రోజే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పెట్టి ఇస్తున్నారా, రెండో తాళం చిన్న ప్లాన్‌లో కూడా ఉందా, కస్టమర్ల పేరుతో బయటి నుంచి వచ్చే మెయిల్‌ని మీ సర్వర్ తీసుకుంటుందా లేదా, సర్వర్ బ్లాక్‌లిస్ట్ ఎక్కితే దాని మీదున్న అందరికీ కబురు చేస్తున్నారా, జవాబు తెలుగులో ఫోన్‌లో చెప్పే మనిషి ఉన్నాడా. వాళ్ళిచ్చిన జవాబులు పేర్లతో సహా వేయండి. ఆ టెస్ట్ ఫైల్ పంపి చూడటానికి మనిషి కావాలంటే నేనొస్తా, డబ్బులేం అక్కర్లేదు.

ఇంకొకటి. వచ్చే ఆదివారం ఆ బాక్సులో "తెలియని మెయిల్ తెరవొద్దు" తీసేసి, ఆ చోట్లో మెయిల్ హెడర్ ఎట్లా తెరవాలో బొమ్మతో వేయండి. జీమెయిల్‌లో అయితే కంప్యూటర్ మీద మెయిల్ పక్కనుండే మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" అంటే చాలు, పైనే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు లైన్లుంటాయి, పక్కన పాస్ అని ఉందా ఫెయిల్ అని ఉందా చూస్తే సరిపోద్ది. పాస్ అని ఉంటే మెయిల్ మంచిదని కాదు, ఆ పేరు నిజంగా ఆ డొమైన్‌దే అని మాత్రమే, ఒక్క అక్షరం తేడా ఉన్న డొమైన్‌కి కూడా పాస్ వస్తుంది, అందుకే అడ్రస్ అక్షరం అక్షరం చదవాలని కూడా కింద రాయండి. ఆ అమ్మాయికి నేను ఇది పావుగంటలో నేర్పా. ఓనర్ గారు ఆ అమ్మాయిని మానిపించలేదు, నేను హెడర్ ప్రింట్ తీసి ముందు పెట్టి ఇది ఈ పిల్ల తప్పు కాదండీ అని చెప్పా, ఆయన అర్థం చేసుకున్నారు. ఇప్పుడు అనుమానం వచ్చిన మెయిల్ ఏదైనా ఆ అమ్మాయే ముందు చూస్తుంది, పక్క కొట్ల వాళ్ళు కూడా ఫోన్ పట్టుకుని ఆ పిల్ల దగ్గరికే వస్తున్నారు. మీరు ఆ బొమ్మ వేస్తే ఆ ముక్క కత్తిరించి నేను చూసే ఆఫీసుల్లో ప్రతి కంప్యూటర్ పక్కనా అంటిస్తా.

ఇట్లు,
మీ పాఠకుడు,
అరండల్‌పేట, గుంటూరు